ఖరీదైన ఆయిల్ పోశా... నాయన అంబాసిడర్ నేలంతా కక్కింది!

"ఏమప్పా, ఇంజిన్లో నీళ్లు పోసినావా?"

పెద్ద భాయ్ డిప్‌స్టిక్ బయటికి లాగి, దాని కొసన అంటిన నూనెని చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య రుద్దుతూ అడిగిన మొదటి మాట ఇది. నాకు తల తీసేసినట్టయింది. అవి నీళ్లు కావు. మూడు వేల పైచిలుకు పెట్టి కొన్న ఫుల్లీ సింథటిక్ ఆయిల్. డబ్బా మీద రేసు కారు బొమ్మ కూడా ఉంది!

పాత కారుకి ప్రేమతో చేసిన పని దాని ప్రాణం మీదికే తెచ్చింది. అదెలా జరిగిందో, దాన్నెలా సరిదిద్దామో చెబుతా. మీ ఇంటి వెనకో, తాతగారి షెడ్డులోనో పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, జీపు లాంటిది ఉంటే మాత్రం కాస్త ఓపిగ్గా చదవండి.

వేపచెట్టు కింద పదకొండేళ్లు

మాది బత్తలపల్లె. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. అనంతపురం నుంచి కదిరికి పోయే రోడ్డు మీద ఉంటుంది. ఎర్రనేల, వేరుశనగ చేలు, వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, ఏడాది పొడుగునా దుమ్ము. వాన మాత్రం చుట్టంచూపుగా వచ్చి పోతుంది.

మా కారు 1973 మోడల్ అంబాసిడర్, మార్క్ 2. గేర్లన్నీ స్టీరింగ్ పక్కనుండే కాడతోనే వేయాలి. మా వైపు దాన్ని 'హ్యాండ్ గేరు' అంటారు. నాయన దీన్ని 1986లో సెకండ్ హ్యాండ్‌లో కొని టాక్సీ తిప్పాడు. ధర్మవరానికి చీరల వ్యాపారుల్ని, పుట్టపర్తికి భక్తుల్ని, అర్ధరాత్రి పూట చుట్టుపక్కల పల్లెల నుంచి మా ఊరి ఆర్డీటీ ఆస్పత్రికి కాన్పు నొప్పులు పడుతున్న ఆడవాళ్లని... ఇలా పాతికేళ్లకు పైగా తిప్పాడు. అక్క పెళ్లి, నా ఇంజినీరింగ్ చదువు దాని చక్రాల మీదే నడిచాయి.

2012లో నాయనకి చూపు మందగించడంతో కారు వేపచెట్టు కింద ఆగింది. పదకొండేళ్లు అక్కడే. పైన పిట్టలు, లోపల ఎలుకలు.

2023లో ఒక తుక్కు వ్యాపారి వచ్చి బేరం చేశాడు. "ఇచ్చేద్దాంలే రా, ఊరికే తుప్పు పడతాండాది" అన్నాడు నాయన, అటువైపు చూడకుండా. నేను ఒప్పుకోలేదు. బెంగళూరులో నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శనాదివారాలు ఊరికొచ్చి నేనే బాగుచేస్తానన్నా. వీడియోలు చూసి నేర్చుకోలేనిది ఏముంటుంది?

అలా ఆరు నెలలు పట్టింది. బ్యాటరీ, టైర్లు, బ్రేకులు, కార్బురేటర్ ఒక్కొక్కటీ అయ్యాయి. బానెట్ లోపలివైపు నల్లబడిన అంకెలేవో ఆయిల్ పెయింటుతో రాసి ఉంటే, ఎమరీ పేపర్‌తో గీకేసి కొత్త రంగు కొట్టించా. ఆ అంకెల కథ చివర్లో చెబుతా.

ఇక మిగిలింది ఆయిల్. ఇన్నేళ్ల తర్వాత లేచిన కారుకి మంచి నూనె పోయొద్దూ! ఇంజిన్‌కి 5డబ్ల్యూ-30 ఫుల్లీ సింథటిక్ తెచ్చా. గేర్‌బాక్సుకి జీఎల్-4, జీఎల్-5 అని రెండు రకాలుంటే, 4 కంటే 5 పెద్దది కదా అని జీఎల్-5 పోశా. పన్లో పనిగా డ్యాష్‌బోర్డు కింద ఆయిల్ ప్రెషర్ గేజ్ కూడా పెట్టించా. ఆరు నెలల్లో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

మూడు వారాలు ఇంటి ముందే స్టార్ట్ చేస్తూ, ఆపుతూ మురిసిపోయా. ఆ తర్వాతి ఆదివారం నాయనని పక్కన కూర్చోబెట్టుకుని ధర్మవరం వైపు బయల్దేరా. మే నెల, పొద్దున పదకొండు గంటలు. పది కిలోమీటర్లు పోయామో లేదో, బానెట్ కింద ఎవరో చెంచాతో గిన్నె మీద కొడుతున్నట్టు టకటకటక. గేజ్ ముల్లు కిందికి జారుతోంది. నేను ఇంకా రోడ్డు వైపే చూస్తున్నా. నాయన ఒక్కటే మాట అన్నాడు.

"ఆపు."

దిగి కింద చూస్తే, తారురోడ్డు మీద మేం వచ్చిన దారి పొడుగునా నల్లటి చుక్కలు. ఆగిన చోట ఒక చిన్న మడుగు.

నాయన నన్ను ఏమీ అనలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర మాత్రం, "ఆ తుక్కాయన నంబరు నీ ఫోన్లో ఉండాదా?" అని అడిగాడు. తిట్టినా అంత బాధపడేవాణ్ని కాదు.

కందెన నుంచి క్యాస్ట్రాల్ దాకా

తర్వాతి వారం కారుని ట్రాక్టరుతో కట్టి అనంతపురంలో పెద్ద భాయ్ షెడ్డుకి చేర్చాం. ఆయనకి డెబ్భై దాటాయి. నాయన టాక్సీకి పాతికేళ్లు మెకానిక్ ఆయనే. నన్ను ఒక స్టూలు మీద కూర్చోబెట్టి, "ముందు చెప్పప్పా, నూనె ఏం పని చేస్తుంది?" అని అడిగాడు.

"రాపిడి తగ్గిస్తుంది" అన్నా, బడిలో చెప్పినట్టు.

"ఎట్లా?"

దానికి నా దగ్గర జవాబు లేదు.

నిజానికి ఈ సంగతి మన పెద్దవాళ్లకి కార్లు రాకముందే తెలుసు. ఎద్దులబండి ఇరుసుకి రాసేదాన్ని కందెన అంటారు, గుర్తుందా? ఆముదంలో మసి కలిపి చేసేవాళ్లు. వట్టి నీళ్లలాంటి నూనె రాస్తే ఇరుసు మీద నిలవదు, కారిపోతుంది. ఆముదం చిక్కగా ఉండి పట్టుకుని కూర్చుంటుంది. ఆ గుణం వల్లే తొలినాళ్ల మోటార్లలో, విమానాల ఇంజిన్లలో కూడా ఆముదం వాడారు. క్యాస్ట్రాల్ అన్న పేరు పుట్టింది కూడా ఆముదానికి ఇంగ్లిషులో ఉన్న 'క్యాస్టర్' అన్న మాట నుంచే. 1909లో ఆ పేరు పెట్టారు.

ఇంజిన్లో జరిగేది ఇంకాస్త విచిత్రం. క్రాంక్‌షాఫ్ట్ తన బేరింగుల్లో తిరుగుతుంటే లోహానికి లోహం తగలదు. రెంటి మధ్యా పలచటి నూనె పొర ఉంటుంది. షాఫ్ట్ వేగంగా తిరిగే కొద్దీ నూనెని తన కిందికి లాక్కుంటూ దాని మీద తేలుతుంది. వానాకాలంలో నీళ్లు నిలిచిన రోడ్డు మీద స్పీడుగా పోతే టైరు రోడ్డుని వదిలేసి నీటి మీద తేలుతుంది చూశారా, అదే సూత్రం. రోడ్డు మీద అది ప్రమాదం. ఇంజిన్లో అదే ప్రాణం.

ఆ పొర నిలవాలంటే రెండు కావాలి. ఒకటి, సరిపడా చిక్కదనం. రెండు, నూనె ఆగకుండా అందుతూ ఉండటం. నేను రెండూ పోగొట్టా.

నూనెలో తప్పు లేదు, జోడీ తప్పు

నేను పోసిన 5డబ్ల్యూ-30 చెడ్డ నూనె కానే కాదు. ఇప్పటి చాలా కార్లకి అదే సరైనది. వాటిలో భాగాల మధ్య సందులు సన్నగా ఉంటాయి, పలచటి నూనె చకచకా అందుతుంది, మైలేజీ కూడా కలిసొస్తుంది.

మరి అంబాసిడర్ సంగతి? అది బ్రిటన్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3కి మన దేశపు రూపం. కోల్‌కతా దగ్గర ఉత్తరపరాలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసేది. 2014 మే నెలలో అక్కడ ఉత్పత్తి ఆగిపోయింది. మా కారులో ఉన్నది బీఎంసీ బీ సిరీస్ ఇంజిన్, 1489 సీసీ. అంటే 1950ల నాటి డిజైన్. దానికి తోడు మా ఇంజిన్ పాతికేళ్లు టాక్సీగా తిరిగి అరిగింది. లోపలి సందులు కొత్తలో ఉన్నంత సన్నగా లేవు.

డబ్బా మీది అంకెల లెక్క చాలా తేలిక. 20డబ్ల్యూ-50 అని ఉంటే, డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో నూనె ఎలా ప్రవహిస్తుందో చెబుతుంది. తర్వాతి అంకె ఇంజిన్ వేడెక్కాక, అంటే 100 డిగ్రీల దగ్గర, ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ఆ వేడి దగ్గర 30 నూనె కంటే 50 నూనె సుమారు ఒకటిన్నర రెట్లు చిక్కన. గడ్డకట్టే చలి ఉండే దేశాల్లో ముందు అంకె చాలా ముఖ్యం. మన బత్తలపల్లెలో మంచు ఎక్కడిది? ఇక్కడ చూడాల్సింది రెండో అంకె.

మరి నూనె బయటికి ఎందుకు కారింది? ఇక్కడ అసలు మెలిక ఉంది. ఇప్పటి కార్లలో క్రాంక్‌షాఫ్ట్ వెనక కొసన రబ్బరు సీలు ఉంటుంది. ఈ పాత బీ సిరీస్ ఇంజిన్లో అది లేదు! షాఫ్ట్ మీద స్క్రూ మరలాంటి గాడి ఉంటుంది. షాఫ్ట్ తిరుగుతుంటే ఆ గాడి నూనెని మళ్లీ ఇంజిన్లోకే నెడుతుంది. చిక్కటి నూనె ఆ మాట వింటుంది. పలచటిది జారుకుంటుంది.

భాయ్ ఇంకోటి కూడా పట్టుకున్నాడు. ఇంజిన్ లోపలి ఆవిరి, పొగ బయటికి పోయే బ్రీదర్ గొట్టం మట్టితో, జిడ్డుతో పూడుకుపోయి ఉంది. "ముక్కు మూస్తే నోట్లోంచి ఊపిరి పోతుంది కదా" అన్నాడు. లోపలి ఒత్తిడికి బయటికి దారి లేక, ఉన్న ప్రతి సందులోంచీ నూనెని తోసేసింది.

ఇక సంప్ విప్పితే దిమ్మ తిరిగింది. పదకొండేళ్లు నిలవున్న పాత నూనె అడుగున నల్లటి మడ్డిలా గడ్డకట్టి ఉంది. నేను డ్రెయిన్ బోల్టు విప్పి కారినంత కారనిచ్చి, ఖాళీ అయిందనుకున్నా. కొత్త నూనె ఆ మడ్డిని కదిపి పంపు కిందుండే జల్లెడకి అతికించింది. నూనె కారిపోయి మట్టం తగ్గింది. మిగిలినదైనా పంపులోకి పోవడానికి దారి సగం మూసుకుంది. గేజ్ ముల్లు పడిపోక ఏం చేస్తుంది?

"డ్రైవరన్న ఆ నిమిషంలో ఆపు అనకపోయుంటే, క్రాంక్ పోయేది" అన్నాడు భాయ్. బిగ్ఎండ్ బేరింగ్ షెల్స్ మీద గీతలు పడ్డాయి. వాటిని మార్చాడు. క్రాంక్‌షాఫ్ట్ బతికింది.

చూపు మందగించిన నాయనకి గేజ్ ముల్లు కనబడనే లేదు. చెవితో విన్నాడు, అంతే.

చిక్కదనం ఒక్కటే చాలదు

ఇంజిన్లో అన్ని చోట్లా నూనె మీద తేలడం కుదరదు. క్యామ్‌షాఫ్ట్ ముక్కులు ట్యాపెట్ల మీద గట్టిగా నొక్కుతూ జారే చోట పొర పలచబడి తెగిపోతుంది. అక్కడ కాపాడేది నూనెలో కలిపే ఒక రసాయనం, పేరు జెడ్‌డీడీపీ. జింకు, భాస్వరం ఉండే పదార్థం. వేడికి, ఒత్తిడికి లోహం మీద ఒక రక్షణ పూతలా ఏర్పడుతుంది. పూత అరుగుతుంది, లోహం నిలుస్తుంది.

చిక్కేమిటంటే, ఆ భాస్వరం ఇప్పటి కార్ల పొగ గొట్టంలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది. అందుకే 2004లో వచ్చిన ఏపీఐ ఎస్ఎం, 2010లో వచ్చిన ఎస్ఎన్ ప్రమాణాల్లో పలచటి గ్రేడు నూనెలకి భాస్వరం 0.08 శాతం దాటకూడదని హద్దు పెట్టారు. 5డబ్ల్యూ-30 ఆ హద్దులోకి వస్తుంది. 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి గ్రేడ్లకి ఆ హద్దు వర్తించదు. మా అంబాసిడర్‌కి కన్వర్టరే లేదు. లేని దాన్ని కాపాడటానికి ఉన్న క్యామ్‌షాఫ్ట్‌ని ఎందుకు బలిపెట్టాలి?

చివరికి మేం ఎంచుకున్నది మామూలు మినరల్ 20డబ్ల్యూ-50. నేను మొదట కొన్నదాని ధరలో సగం కూడా కాలేదు. నాలుగు లీటర్లకు పైగా పట్టింది.

గేర్‌బాక్సు దగ్గర 5 కంటే 4 మేలు

"గేర్‌బాక్సులో ఏం పోసినావు?" అని భాయ్ అడిగితే, ఈసారి కాస్త భయంగానే చెప్పా. ఆయన నవ్వి, డ్రెయిన్ బోల్టు విప్పి వాసన చూపించాడు. కుళ్లిన వెల్లుల్లి వాసన!

అది గంధకం. గేర్ల పళ్ల మధ్య ఒత్తిడి విపరీతంగా ఉంటుంది కాబట్టి గేర్ ఆయిల్లో గంధకం, భాస్వరం ఉన్న రసాయనాలు కలుపుతారు. జీఎల్-5లో ఇవి ఎక్కువ మోతాదులో ఉంటాయి. ఉక్కు పళ్లకి మేలే. కానీ పాత గేర్‌బాక్సుల్లో గేరు సాఫీగా పడటానికి ఉండే సింక్రో రింగులు ఇత్తడి జాతివి. రాగి కలిసిన లోహాలని ఆ గంధకం ఏళ్ల తరబడి మెల్లగా తినేసే ప్రమాదం ఉంది. పైగా సింక్రో రింగు పనిచేయాలంటే కాస్త పట్టు కావాలి. మరీ జారుడైతే గేరు పడేటప్పుడు గరగరమంటుంది.

అంటే జీఎల్-5 అన్నది జీఎల్-4 కంటే 'పై క్లాసు' కాదు. దాని పని వేరు. వెనక యాక్సిల్లో ఉండే డిఫరెన్షియల్‌కి మాత్రం జీఎల్-5 కావాలి. అంబాసిడర్‌లో అది హైపాయిడ్ రకం. అక్కడ పళ్లు ఒకదాని మీద ఒకటి బలంగా నొక్కుకుంటూ జారతాయి. ఒకే కారు, రెండు అడుగుల దూరం, రెండు వేరు వేరు నూనెలు!

ఇంకో తమాషా. గేర్ ఆయిల్ మీద 90 అని ఉంటే, అది 50 నంబరు ఇంజిన్ ఆయిల్ కంటే దాదాపు రెట్టింపు చిక్కన అనుకున్నా నేను. కాదట. రెండు కొలబద్దలూ వేరు. 90 నంబరు గేర్ ఆయిల్ చిక్కదనం 40, 50 నంబరు ఇంజిన్ ఆయిల్ దరిదాపుల్లోనే ఉంటుంది. అందుకే బ్రిటన్‌లో ఇదే బీ సిరీస్ ఇంజిన్‌తో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారు గేర్‌బాక్సులో ఇంజిన్ ఆయిలే పోయమన్నారు. మా కారుకి భాయ్ తన అలవాటు ప్రకారం జీఎల్-4 రకం 80డబ్ల్యూ-90 పోశాడు. మీ కారుకి హ్యాండ్‌బుక్ ఏం చెబుతుందో అది చూసుకోండి.

మూడు వారాలే కాబట్టి నా జీఎల్-5 వల్ల నష్టమేమీ జరగలేదు. నూనె మార్చాక రెండో గేరు గరగర తగ్గింది. పూర్తిగా పోలేదు, రింగులు ఎప్పుడో అరిగాయి కదా. దానికి మందు నాయన దగ్గర ఉంది: డబుల్ క్లచ్. క్లచ్ నొక్కి న్యూట్రల్, వదిలి, మళ్లీ నొక్కి గేరు. ఆ లయ పట్టడానికి నాకు నెల పట్టింది.

దుమ్మే అసలు శత్రువు

మా ప్రాంతంలో కారుకి ఎండ కంటే దుమ్మే ఎక్కువ హాని చేస్తుంది. అందులో ఇసుక రేణువులుంటాయి. గాలితో ఇంజిన్లోకి పోయి, సిలిండర్ గోడల మీదుగా నూనెలో కలిస్తే, ఆ నూనె ఎమరీ పేస్టులా అన్నిటినీ రుద్దడం మొదలుపెడుతుంది.

మా కారుకి ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ ఉంది. గాలి ఒక గిన్నెలోని నూనె మీదుగా మళ్లి లోపలికి పోతుంది, దుమ్ము నూనెలో చిక్కుకుంటుంది. నేను ఆ మూతే విప్పి చూడలేదు. విప్పితే లోపల నూనె బదులు ఎర్రమట్టి ముద్ద! వేరుశనగ నూర్పిళ్ల రోజుల్లో నాయన దాన్ని వారానికోసారి కిరసనాయిలుతో కడిగేవాడట.

ఆయిల్ ఫిల్టర్ దగ్గరా ఒక చిన్న తప్పు చేశా. ఇందులో ఇప్పటి కార్లలోలా డబ్బా మొత్తం తిప్పి తీసేది కాదు, గిన్నె లోపల ఎలిమెంట్ పెట్టే రకం. ఎలిమెంట్ మార్చినప్పుడు గాడిలో ఉన్న పాత రబ్బరు రింగుని పిన్నుతో పీకేసి కొత్తది వేయాలి. నేను పాతదాని మీదే కొత్తది పెట్టి బిగించా. అక్కడి నుంచి కూడా కారింది. పది రూపాయల రింగు!

ఇప్పుడు మా పద్ధతి ఇదీ

భాయ్ చెప్పింది, నాయన చేసింది, నేను చదివింది కలిపి ఫోన్లో ఒక నోట్ రాసుకున్నా. మీకూ పనికొస్తుంది.

1. పాత కారు చాలా ఏళ్ల తర్వాత లేపుతుంటే, నూనె మార్చి ఊరుకోకండి. సంప్ విప్పించి, మడ్డి తీయించి, పంపు జల్లెడ కడిగించండి.

2. నెల పైన ఆగిన కారుని వెంటనే స్టార్ట్ చేయొద్దు. నూనె మొత్తం కిందికి దిగి బేరింగులు ఎండిపోయి ఉంటాయి. కాయిల్ వైరు పీకి, గేజ్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొంచెం కొంచెంగా తిప్పండి. తర్వాతే వైరు పెట్టండి.

3. ఆయిల్ ప్రెషర్ గేజ్ పెట్టించండి. ఇంజిన్ బాగా వేడెక్కాక ప్రతి 1000 ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ ఉంటే ఫరవాలేదన్నది మెకానిక్కుల మోటు లెక్క. మాకు ఆ రోజు 8 దగ్గరికి పడిపోయింది. ఇప్పుడు ఐడిల్‌లో 20 పైన, రోడ్డు మీద 50 దరిదాపుల్లో ఉంటోంది.

4. నూనె మార్చడానికి కిలోమీటర్లే కాదు, నెలలు కూడా లెక్కే. తక్కువ దూరాలు తిరిగే కారులో తేమ, పెట్రోలు నూనెలో కలిసి ఆమ్లాలు పుడతాయి. మేం 3,000 కిలోమీటర్లు లేదా ఆరు నెలలు, ఏది ముందైతే అది. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే డ్రెయిన్ చేయండి, మలినం నూనెతోపాటు వచ్చేస్తుంది.

5. డ్రెయిన్ బోల్టుకి అయస్కాంతం ఉన్నది వేయించండి. ప్రతిసారీ దానికి అంటిన లోహపు పొడి చూడండి. సన్నటి నూగు మామూలే. మెరిసే ముక్కలు కనబడితే మెకానిక్ దగ్గరికి పరుగెత్తండి.

6. బ్రీదర్ గొట్టం, ఎయిర్ క్లీనర్ మర్చిపోవద్దు. ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ల నిప్పల్స్‌కి గ్రీజు గన్‌తో గ్రీజు కొట్టించండి.

ఇంకొక్క మాట. తీసిన పాత నూనెని దయచేసి నేల మీద పారబోయకండి. ఒక్క ఆయిల్ చేంజ్‌లో వచ్చే నూనె పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ హెచ్చరిస్తుంది. మన దేశంలోనూ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వాడిన నూనె వస్తుంది. దాన్ని అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి. బోరు వేస్తే నీళ్లు పడతాయో లేదో అని దేవుడికి మొక్కుకునే ఊళ్లు మావి. ఉన్న కాస్త నీటిలో మనమే విషం కలపడం ఏం న్యాయం? నేను క్యాన్లో పట్టి భాయ్ షెడ్డులో ఇస్తా, అక్కడి డ్రమ్ము నిండాక రీసైక్లింగ్ వాళ్లు తీసుకెళ్తారు.

'వింటేజ్' బోర్డు పెట్టలేదా?

స్నేహితులు తరచూ అడుగుతున్నారు. 50 ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మారని వాహనాలకి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చేలా కేంద్రం 2021 జులైలో నిబంధనలు తెచ్చింది. నంబరులో 'వీఏ' అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. వినడానికి బాగుంది. కానీ ఆ నంబరున్న కారుని రోజువారీ పనులకి రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, పెట్రోలు కొట్టించడం లాంటి వాటికే.

"కారు బయటికి తీయాలంటే ర్యాలీ రావాల్నా?" అన్నాడు నాయన. అంతటితో ఆ విషయం వదిలేశాం. మామూలు ఆర్సీనే రెన్యువల్ చేయించుకున్నాం.

బానెట్ కింది అంకెలు

కారు షెడ్డు నుంచి వచ్చిన రోజు నాయన బానెట్ ఎత్తి, లోపలివైపు చాలాసేపు చూశాడు. "ఇక్కడ రాసిండేది ఏమైంది?" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. నేను ఎమరీ పేపర్‌తో గీకేసిన అంకెలు పిచ్చిగీతలు కావు. నూనె మార్చిన ప్రతిసారీ మీటర్లో ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయో నాయన రాసుకున్న లెక్క. ఏ నంబరు నూనె పోశాడో కూడా పక్కనే ఉండేదట. నేను ఆరు నెలలు వీడియోల్లో వెతికిన జవాబు బానెట్ కిందే ఉంది. అందంగా ఉండాలని దాన్నే ముందు చెరిపేశా.

"పోనీలే" అని, చిన్న బ్రష్షు తెప్పించుకుని, నేను కొట్టించిన కొత్త రంగు మీదే తెల్ల పెయింటుతో నాయన మళ్లీ మొదటి వరస రాశాడు. తేదీ, కిలోమీటర్లు, '50 నంబరు'. చూపు సరిగా ఆనదు కదా, అంకెలు కాస్త వంకరగా వచ్చాయి.

తుక్కు వ్యాపారి నంబరు మళ్లీ అడగలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున నేను లేచేసరికే ఆయన డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ ముంచి, వేళ్ల మధ్య రుద్ది చూసుంటాడు. మా ఇద్దరం ఫోన్లో మాట్లాడుకునేది ఎప్పుడూ తక్కువే. తిన్నావా, తిన్నా, అంతే. మొన్న బుధవారం ఆఫీసు మీటింగులో ఉండగా ఆయనే ఫోన్ చేశాడు.

"రేయ్, ఆరు నెలలు కావస్తాంది. నూనె మార్చల్ల. ఎప్పుడొస్తావు?"

ఈ శనివారం పోతున్నా.